అతికి ఉన్నంతవరకు చదును

మా ప్రాంతంలో నాపరాయి తప్ప ఏదీ సరిగా పండదు. రాయిని కోసి, సానపట్టి, బండలుగా లారీలకెత్తి పంపడమే ఇక్కడి జనానికి తెలిసిన పని. ఈ సంగతి ఢిల్లీలో ఒక పెద్దమనిషి చెవిన పడింది. రాయిని నున్నగా చేయగలవాళ్లు సిలికాన్‌ను కూడా నున్నగా చేయగలరని ఆయన ఒక సభలో అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. చప్పట్లు కొట్టాక కట్టక తప్పదు కాబట్టి మా ఊరి బయట, గుట్ట కింద, జాతీయ సమతల సాధనా కేంద్రం కట్టారు.

నేను అందులో స్టోర్‌కీపర్‌ని. పదో తరగతి దాకా మా ఊరి బడిలోనే చదివాను. కేంద్రంలో మిగిలినవాళ్లు నాకంటే చాలా ఎక్కువ చదివారు. ఇక్కడ చెప్పబోయేదంతా ఆ చదువుల వల్లే జరిగింది.

మా పని ఏమిటో ముందు చెప్పాలి. ఫోన్లలో, కంప్యూటర్లలో ఉండే చిప్పులు సిలికాన్ బిళ్ల మీద తయారవుతాయి. ఆ బిళ్ల అప్పడంకంటే పలుచన. అప్పడానికి ఉన్నట్టే దానికీ కాస్త వంపు ఉంటుంది. ఆ వంపు పోవాలి. చేత్తో తడిమితే తెలియనంతగా పోతే చాలదు, వెలుతురు కూడా తప్పు పట్టలేనంతగా పోవాలి. అందుకని ఒక గ్రానైట్ దిమ్మెను వేడి చేసి, దాని మీద మైనం కరిగించి, బిళ్లను అతికించి, చల్లారేదాకా అరచేతులతో అదిమి పెడతారు. తర్వాత సానపడతారు. ఆ తర్వాత దాని మీద కొలత గాజు ఒకటి పెట్టి పసుపు దీపం కింద చూస్తారు. చారలు కనిపిస్తాయి. చారలు తిన్నగా ఉంటే బిళ్ల చదును. వంకరగా ఉంటే కాదు.

దిమ్మె మీద ఉన్నంతసేపు మా బిళ్లల చారలు దువ్విన తలలా తిన్నగా ఉండేవి. మైనం కరిగించి ఊడదీయగానే బిళ్ల ఒళ్లు విరుచుకుని తన పాత వంపులోకి పోయేది. చారలు మెలికల ముగ్గులయ్యేవి. అదిమినంతసేపు ఒదిగి ఉండి, వదలగానే మొదటికి రావడం దాని గుణం. అధికారం చేసేవాళ్లకు ఇది కొత్త సంగతి కాకూడదు. మావాళ్లకు మాత్రం కొత్తగానే ఉంది. మొదటి డైరెక్టరు ఆ ముగ్గుల్ని చూసి చూసి, ఆరోగ్యం బాగాలేదని రాసిచ్చి వెళ్లిపోయాడు.

తర్వాత డాక్టర్ విశ్వోత్తమరావు వచ్చాడు. వచ్చిన కొత్తలో ఎవరితోనూ మాట్లాడకుండా పసుపు దీపం ముందు కూర్చున్నాడు. ఒకరోజు అందర్నీ పిలిచాడు. బిళ్ల ఎప్పుడు చదునుగా ఉంటోందని అడిగాడు. అతికి ఉన్నప్పుడని శాస్త్రవేత్తలు చెప్పారు. ఎప్పుడు వంగుతోందని అడిగాడు. ఊడదీసినప్పుడన్నారు. మరి ఎందుకు ఊడదీస్తున్నారని అడిగాడు. ఊడదీయడం అనేది అంతవరకు ఎవరూ ప్రశ్నించని అలవాటు.

"ఇంతకాలం మనం చదునును సాధిస్తూనే ఉన్నాం. సాధించి, మన చేతులతో మనమే ధ్వంసం చేసుకుంటున్నాం" అన్నాడు డైరెక్టరు. గొంతులో నిజమైన బాధ ఉంది.

ఆ సాయంత్రమే స్థాయీ ఉత్తర్వు వెలువడింది. బిళ్ల యొక్క చదునుతనము అతికి ఉన్న స్థితియందు మాత్రమే పరిగణింపబడును. ఊడదీయుట ప్రభుత్వ ఆస్తికి నష్టము కలిగించుటగా భావింపబడును. పరిపాలనాధికారి పరాంకుశం దాన్ని చట్రం కట్టించి ప్రతి గదిలోనూ వేలాడదీయించాడు. వేలాడదీసిన చట్రాలు వంకరగా ఉన్నాయి. అవి ఉత్తర్వు కిందికి రావు.

ఆ నెల నుంచి మా కేంద్రంలో చెడిపోయిన బిళ్ల అంటూ లేదు. గేటుకు అడ్డంగా ఆ మాటే రాసి బ్యానరు కట్టారు. బిళ్లల్ని దిమ్మెలతో సహా పంపడం మొదలుపెట్టారు. బిళ్లను చిటికెనవేలి మీద ఎత్తవచ్చు. దిమ్మెను ఎత్తడానికి హమాలీల గుంపు కావాలి. రాజధానిలో వాటిని తీసుకునే ఆఫీసువాళ్లు, ఊడదీయడం ఎలాగో చెప్పమని రాశారు. మేం ఉత్తర్వు నకలు పంపాం. వాళ్లూ ప్రభుత్వం వాళ్లే. చదివి ఊరుకున్నారు. దిమ్మెల్ని వరండాలో వరుసగా పేర్చుకుని, పైన రేకు పరిచి, మధ్యాహ్నం వాటి మీద క్యారియర్లు విప్పుకుంటున్నారని లారీ డ్రైవరు వచ్చి చెప్పాడు. డైరెక్టరు సంతోషించాడు. చదునుగా ఉంటేనే కదా క్యారియరు నిలిచేది అన్నాడు.

పేరు పాకింది. మా పద్ధతి చూడటానికి వేరే శాఖలవాళ్లు వచ్చారు. రోడ్ల శాఖవాళ్లు శ్రద్ధగా రాసుకున్నారు. ఇకమీదట రోడ్డు రోలరు రోడ్డు మీద నిలబడి ఉన్నప్పుడే నాణ్యత చూడాలని అక్కడికక్కడే నిర్ణయించుకుని, దారిలో గుంతలు లెక్కచేయకుండా వెళ్లారు. ఆరోగ్య శాఖవాళ్లు జ్వరాన్ని తడిగుడ్డ నుదుటి మీద ఉండగానే చూడాలన్నారు.

ఆఖరికి ఉన్నత స్థాయి నిపుణుల సంఘం వచ్చింది. సంఘం అధ్యక్షుడు పెద్దవాడు. భోజనం అయ్యాక కుర్చీలో కునికి, లేచినప్పుడు ఏదో ఒకటి అడగాలి కాబట్టి, మౌంటులో ఏమేం భాగాలుంటాయని అడిగాడు. బిళ్ల అతికి ఉండే ఏర్పాటు మొత్తాన్నీ మావాళ్లు మౌంటు అంటారు. దిమ్మె, మైనం అని డైరెక్టరు చెప్పాడు.

"అదిమేది ఏది?" అన్నాడు అధ్యక్షుడు.

డైరెక్టరు మూలకు చూపించాడు. అక్కడ ఉరుకుందమ్మ నిలబడి బిళ్ల అదుముతోంది.

ఉరుకుందమ్మది రోడ్డుకు అవతల ఉన్న రాళ్ల కొట్టాల అనే పల్లె. తండ్రి గనిలో రాయి కొడతాడు. పిల్ల డిప్లొమా చదివి మా దగ్గర కాంట్రాక్టులో చేరింది. అదమడం పెద్ద విద్యేమీ కాదు. ఎవరైనా అదమవచ్చు. ఆమెకు అప్పగించారు కాబట్టి ఆమె అదిమేది. రెండు చేతులూ బిళ్ల మీద ఉంటాయి కాబట్టి ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకునేది. అవతల గుంతకల్లు నుంచి కుళ్లాయప్ప అనే అబ్బాయి మాట్లాడేవాడు. రైల్వేలో పాయింట్స్‌మన్, బండ్లకు పట్టాలు మార్చే పని. ఇంకా పెళ్లి మాటలు నడుస్తున్నాయి. బిళ్ల చల్లారేదాకా వాళ్ల మాటలు చల్లారేవి కావు.

అధ్యక్షుడు ఆలోచించి, అదిమే శక్తి లేకపోతే అతకడం లేదు, అతకడం లేకపోతే చదును లేదు, కాబట్టి ఆ శక్తి కూడా మౌంటులో అంతర్భాగమేనని తేల్చాడు. అంతర్భాగాలన్నీ ఒకే చోట నమోదై ఉండాలని సిఫారసు చేసి, మళ్లీ కునికాడు. కాంట్రాక్టు మనిషి కాబట్టి ఉరుకుందమ్మ పేరు సిబ్బంది జాబితాలో లేదు. కొట్టేయాల్సిన పని కూడా లేకుండా నేరుగా నా స్టోరు రిజిస్టరులోకి వచ్చింది. అదుము సాధనం, మానవ, ఒకటి. పక్కన కొలతలు అని ఒక గడి ఉంది. ఏం రాయమంటారని పరాంకుశాన్ని అడిగాను. దృష్టిగోచరమైన మేరకు అని రాయమన్నాడు. స్టోరు వస్తువుల మీద తెల్ల రంగుతో నంబరు వేయాలి. నేను ఆమె టిఫిన్ డబ్బా మూత మీద వేశాను.

స్టోరు వస్తువు గేటు దాటాలంటే గేటుపాసు కావాలి. తిరిగి వచ్చే వస్తువుకు ఒక రకం, తిరిగి రాని వస్తువుకు ఇంకో రకం. రోజూ సాయంత్రం ఆమె ఇంటికి పోవడానికి తిరిగి వచ్చే పాసు రాసిచ్చేవాణ్ని. కారణం అనే చోట శుభ్రపరచుట అని రాసేవాణ్ని. పొద్దున వచ్చాక ముట్టినట్టు సంతకం పెట్టేవాణ్ని. ఆమె మొదట్లో నవ్వింది. వాచ్‌మన్ పాసు చదివి, వస్తువు సరిపోయిందా లేదా అని ఆమెను పైనుంచి కిందికి చూసేవాడు. ఒకరోజు ఆమె డబ్బా మూత వాడి మొహం ముందు పెట్టి నంబరు చూసుకోమంది. అప్పటినుంచి మూతే చూసేవాడు.

వేసవి చివర ఆమె నా స్టోరుకు వచ్చింది.

"చిన్నాయనా, నా పెండ్లి కుదిరింది."

"తెలుసు. దిమ్మెలన్నిటికీ తెలుసు" అన్నాను.

"పెండ్లయినాంక గుంతకల్లుకు పోవల్ల. ఆయప్ప పని ఆడనే గదా. నన్ను ఇడిపించు."

పరాంకుశం దగ్గరికి తీసుకుపోయాను. ఆమె రాజీనామా కాగితం ఇచ్చింది. ఆయన దాన్ని ముట్టుకోలేదు. అద్దాలు తుడుచుకుని, నింపాదిగా చెప్పాడు. "రాజీనామా అనేది సిబ్బందికి ఉద్దేశించిన ప్రక్రియ. వస్తువునకు రాజీనామా హక్కు ఏ నిబంధనలోనూ కల్పించబడలేదు. కల్పిస్తే రేపు జనరేటరు కూడా ఇస్తుంది."

పిల్ల రావడం మానేస్తే ఏమవుతుందని నేను అడిగాను. పోయిన ప్రభుత్వ ఆస్తి కింద ఫిర్యాదు ఇవ్వాల్సి ఉంటుందన్నాడు. మొదటి బాధ్యత స్టోర్‌కీపరుది. ఆ వస్తువు ఎవరి ఇంట్లో దొరికితే వాళ్ల మీద దొంగసొత్తు కేసు. ఆ ఇంటాయన కూడా ప్రభుత్వోద్యోగి అయితే ఉద్యోగం ఉండదు. ఇదంతా ఆయన కోపంగా చెప్పలేదు. వాతావరణం చెప్పినట్టు చెప్పాడు.

బయటికి వచ్చాక ఉరుకుందమ్మ వసారాలో నిలబడిపోయింది. ఆమెను నేను ఊరకే నిలబడి ఉండగా చూడటం అదే మొదటిసారి.

"రైల్వే పని కోసం ఆయప్ప ఎన్ని పరీచ్చలు రాసినాడో నీకు తెల్దు చిన్నాయనా. నేను పారిపోతే ఆ పని పోతాది. పోకపోతే ఆయప్పే పోతాడు." నా వైపు తిరిగి, "నిన్నూ పట్టుకపోతారంట గదా" అంది.

నా సంగతి వదిలేయమన్నాను.

డైరెక్టరు మాత్రం దయగల మనిషి. విషయం విని, కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. కేంద్రం వివాహానికి వ్యతిరేకం కాదన్నాడు. వివాహం ఎక్కడ చేసుకోవాలన్నదే ప్రశ్న అన్నాడు. పెళ్లి మా సానపట్టే హాల్లోనే, అతికి ఉన్న స్థితిలోనే జరగవచ్చని, ముఖ్య అతిథిగా తాను వస్తానని మాట ఇచ్చాడు. ఆ తర్వాత గుంతకల్లుకు పోయే సంగతి తగిన సమయంలో తగిన స్థాయిలో పరిశీలించబడుతుందన్నాడు.

హాలుకు కిటికీలు లేవు. దుమ్ము రాకూడదు. పెళ్లివారందరికీ గుమ్మం దగ్గర తెల్ల టోపీలు ఇచ్చారు. పురోహితుడు పిలక టోపీలోకి దూర్చుకున్నాడు. నాదస్వరం ఊదేవాడు నోటికి గుడ్డ కట్టుకోవాలని పరాంకుశం పట్టుబట్టాడు, తర్వాత తానే విరమించుకున్నాడు. బియ్యపు గింజ పడితే బిళ్ల మీద గీత పడుతుందని అక్షింతలు నిషేధించారు. అందువల్ల చుట్టాల్లో కొందరు గుమ్మం బయట నిలబడి, మూసిన తలుపు మీద అక్షింతలు వేశారు. పొగ పనికిరాదు కాబట్టి హోమగుండం బదులు మైనం కరిగించే కరెంటు పొయ్యి పెట్టారు. దీన్ని అగ్ని అనవచ్చా అని పురోహితుడు అనుమానపడ్డాడు. మామూలు అగ్ని కంటే శ్రేష్ఠమైనదని, దీని వేడి ఒక్క డిగ్రీ కూడా అటూ ఇటూ పోదని డైరెక్టరు చెప్పాడు.

జీలకర్ర బెల్లం పెట్టే వేళకు కరెంటు పోయింది. కొలత చూసే పసుపు దీపాలకు మాత్రం బ్యాటరీ ఉంది. అవే వెలిగాయి. ఆ వెలుతురులో ఏ రంగూ కనిపించదు. పెళ్లికూతురి ఎర్రచీర నల్లగా అయిపోయింది. కుంకుమ బొగ్గుపొడిలా ఉంది. అందరి మొహాలూ శవాల మొహాల్లా ఉన్నాయి.

కుళ్లాయప్ప మేనత్త ఈరమ్మ కుంకుమ భరిణె చేత్తో పట్టుకుని అలాగే నిలబడింది. మనిషి లావు, గొంతు అంతకంటే లావు. ఇదేం పెళ్లని, ఎవరు నల్ల కుంకుమ పెట్టమన్నారని అడిగింది. డైరెక్టరు ముందుకొచ్చి వివరించాడు.

"అమ్మా, ఇది ఏకవర్ణ కాంతి. దీనియందు ఎరుపునకు అస్తిత్వం లేదు."

"ఎరుపు ఉండాది సామీ. నీ దీపానికే కండ్లు ల్యావు" అంది ఈరమ్మ. తడుముకుంటూ పిల్ల నుదుట బొట్టు పెట్టింది.

తాళి కట్టేశాడు కుళ్లాయప్ప. పొయ్యి చుట్టూ ఏడడుగులు వేశారు. ఇంకా చల్లారని ఆ పొయ్యి మీద మైనం కరిగి వాసన వస్తుంటే కొంతమందికి మంచి ఆకలి వేసింది. భోజనాలు బయట, గుట్ట నీడలో పెట్టారు. ఎండ వెలుగులోకి రాగానే చీర మళ్లీ ఎర్రగా అయింది. ఆడవాళ్లందరూ ఒకసారి ముట్టుకుని చూశారు.

తర్వాత గేటు దగ్గర జీపు ఆగింది. కుళ్లాయప్ప మర్నాడు పొద్దున్నే డ్యూటీలో ఉండాలి. పెళ్లికూతుర్ని వెంట తీసుకుపోవాలి. వాచ్‌మన్ చెయ్యి అడ్డం పెట్టి, పాసు ఏదన్నాడు.

అప్పుడే తగిన సమయం వచ్చిందని అందరికీ అర్థమైంది. పరాంకుశం నిబంధనల పుస్తకం తెప్పించుకున్నాడు. తిరిగి వచ్చే పాసు ఒక్క రాత్రికి మించి చెల్లదు. గుంతకల్లు పోయి కాపురం చేసి పొద్దున్నే తిరిగి రావడం సాధ్యమా అని ఆయన పెళ్లికొడుకును అడిగాడు. కుళ్లాయప్ప టైంటేబుల్ తలుచుకుని, ప్యాసింజరు లేటు కాకపోతే అవుతుందన్నాడు. మేనత్త వాడి నెత్తిన మొట్టింది. తిరిగి రాని పాసు ఇవ్వవచ్చు కదా అని నేనన్నాను. పనికిరాకుండా పోయిన వస్తువులకే అది ఇస్తామని, ఈ వస్తువు నిన్న సాయంత్రం దాకా సక్రమంగా పనిచేసిందని పరాంకుశం అన్నాడు.

కుళ్లాయప్ప నెమ్మది మనిషి. టోపీ ఇంకా తలమీదే ఉంది. పరాంకుశం ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"నేను పోయి పాయింటు మార్చల్ల సార్. మార్చకపోతే బండి ఏరే పట్టాల మీదికి పోతాది. నీకు ఇది మైనం పని. నాది బండి పని. ఆయమ్మను పంపండి."

పరాంకుశం ఆ విజ్ఞప్తిని సానుభూతితో నమోదు చేసుకుంటున్నట్టు తల ఊపాడు. గేటు మాత్రం తెరవమనలేదు. ఉరుకుందమ్మ జీపు తలుపు పట్టుకుని నిలబడింది. ఒక కాలు గేటు లోపల, ఒక కాలు బయట. వాచ్‌మన్ ఆమె మొహం చూడకుండా, అలవాటుగా టిఫిన్ డబ్బా కోసం చూశాడు. డబ్బా లేదు. చేతిలో కొబ్బరిబోండం ఉంది.

ఈరమ్మ లోపలికి నడిచి వచ్చింది. లారీకెత్తడానికి పెట్టిన గ్రానైట్ దిమ్మె ఒకటి అక్కడ ఉంటే దాని మీద కూర్చుంది. ఎవరూ ఎత్తలేనట్టు కూర్చుంది.

"మా పిల్లను రాయి అంటిరి, మైనం అంటిరి. సరే. రాయికి చేసే పరీచ్చే ఈ పిల్లకూ చేయండి మరి. మీ గాజు పెట్టి చూడండి. రాయైతే మీరే ఉంచుకోండి. కాకపోతే ఇడ్సిపెట్టండి. ఏదో ఒగటి తేల్చండి, నా నడుం నొస్తాంది."

ఆమె ఎత్తిపొడుపుగా అంది. పరాంకుశం మాత్రం డైరెక్టరు చెవిలో ఏదో చెప్పాడు. నాకు తర్వాత తెలిసింది. మౌంటులోని ప్రతి భాగమూ చదునుగా ఉన్నట్టు ధ్రువీకరణ ఉండాలి. దిమ్మెలకు ఉంది. మైనానికి కూడా ఉంది. మానవ భాగానికి చేయించడం మర్చిపోయారు. ఆడిట్‌వాళ్లు చూస్తే ఇద్దరి ఉద్యోగాలూ పోతాయి.

కాబట్టి పెళ్లివారందరూ మళ్లీ టోపీలు పెట్టుకుని హాల్లోకి వచ్చారు. కరెంటు ఇంకా రాలేదు. ఉరుకుందమ్మ గోరింటాకు పెట్టిన అరచెయ్యి బల్ల మీద చాచింది. డైరెక్టరు గాజును కాగితంతో తుడిచి, మెల్లగా చేతి మీద పెట్టి, వంగి చూశాడు. చాలాసేపు చూశాడు. తిన్నటి చార ఒక్కటీ లేదు. ఉన్న గీతలన్నీ వంకరే. వెనకనుంచి పురోహితుడు కూడా తొంగిచూసి, ఆయుర్రేఖ దీర్ఘంగా ఉందని, సంతానం ఇద్దరని చెప్పాడు. అది నమోదు చేయనక్కర్లేదని పరాంకుశం అన్నాడు.

"వంపు అనుమతించదగిన పరిమితిని మించి ఉంది" అన్నాడు డైరెక్టరు.

ఈరమ్మ సంతోషంగా చేతులు జోడించింది. డైరెక్టరు సంతోషించలేదు. ఆయనకు అప్పుడే ఇంకో సంగతి తట్టింది. చదును లేని చేతితో అదిమిన బిళ్లలు చదునువి ఎలా అవుతాయి? రాజధానికి పోయిన దిమ్మెలు, గేటు మీది బ్యానరు, రోడ్ల శాఖ, నిపుణుల సంఘం, అన్నీ ఆ చేతి మీదే నిలబడి ఉన్నాయి. ఆయన గాజు మీదినుంచి తల ఎత్తలేదు. ఉరుకుందమ్మ చెయ్యి వెనక్కి తీసుకోవచ్చా అని నన్ను కళ్లతో అడిగింది. వద్దన్నాను.

పరాంకుశం గొంతు సవరించుకున్నాడు. ఆ మనిషి మీద నాకు ఏ గౌరవమూ లేదు. కానీ ఆ క్షణంలో ఆయన చూపించిన తెలివి ఒప్పుకోవాలి.

"అయ్యా, ఈ వంపు వివాహపూర్వమా, వివాహానంతరమా అన్నది పరిశీలనార్హం."

డైరెక్టరు తల ఎత్తాడు. తర్వాత అంతా ఆయనే తేల్చేశాడు. నిన్నటిదాకా ఈ చెయ్యి అదిమిన బిళ్లలన్నీ చదునుగా ఉన్నట్టు ధ్రువపత్రాలున్నాయి. కాబట్టి నిన్నటిదాకా చెయ్యి చదునుగానే ఉంది. ఈరోజు వంగింది. నిన్నటికీ ఈరోజుకూ మధ్య దీనికి జరిగింది ఒక్కటే.

"పాణిగ్రహణం" అన్నాడు డైరెక్టరు, కుళ్లాయప్ప వైపు చూస్తూ.

కుళ్లాయప్ప భయపడి రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు. ఊరికే, మెల్లగానే పట్టుకున్నానన్నాడు. ఎంత మెల్లగా పట్టుకున్నా ఇంతటి సున్నితమైన సాధనానికి అది చాలునని డైరెక్టరు చెప్పాడు. రైల్వేలో లీవర్లు లాగే చేతులు కదా అని పరాంకుశం కలిపాడు. పెళ్లికొడుకు తెలియక చేసినందువల్ల చర్య తీసుకోవడం లేదన్నారు. వస్తువు మాత్రం పాణిగ్రహణ కారణంగా శాశ్వతంగా పనికిరాకుండా పోయినట్టు, ముహూర్తం నుంచి అమల్లోకి వచ్చేట్టు, అక్కడే దీపం కింద రాశారు.

నేను తిరిగి రాని పాసు రాశాను. నా ఉద్యోగంలో అంత మంచి దస్తూరీతో ఎప్పుడూ రాయలేదు. గేటు దగ్గర వాచ్‌మన్ దాన్ని గట్టిగా చదివాడు. అదుము సాధనం, మానవ, ఒకటి, పనికిరానిది.

"పనికిరానిదని రాసిచ్చినారా" అంది ఈరమ్మ. "రాసుకోండి. మాకు పనికొస్తాది."

అప్పగింతలప్పుడు తండ్రి ఆమె చేతిని కుళ్లాయప్ప చేతిలో పెట్టాడు. స్టోరు వస్తువును స్టోర్‌కీపరే అప్పగించాలని పరాంకుశం గుర్తు చేశాడు. కాబట్టి తండ్రి ఇంటి తరఫున అప్పగించాడు, నేను స్టోరు తరఫున అప్పగించాను. ఎవరికి ఎక్కువ ఏడుపు వచ్చిందన్నది ఇక్కడ అనవసరం. కుళ్లాయప్ప ఆ చెయ్యి పట్టుకోవడానికి సందేహించాడు. ఇంకా వంగుతుందేమోనని. ఉరుకుందమ్మే వాడి చెయ్యి లాక్కుని జీపు ఎక్కింది.

మర్నాడు బిళ్లల దగ్గర ఎవరూ లేరు. డైరెక్టరు దీర్ఘంగా ఆలోచించాడు. పెళ్లి అయ్యే అవకాశం ఉన్న సాధనాన్ని మౌంటులో వాడటం ప్రణాళికా లోపమని తేల్చాడు. పెళ్లయినవాళ్లు అప్పటికే వంగి ఉంటారు. కాబట్టి ఇంకెవరూ చెయ్యి పట్టుకోబోని మనిషి కావాలి. నన్ను పిలిచాడు.

"మీ శ్రీమతి గతించి ఎంతకాలం అయింది?"

చెప్పాను.

"మళ్లీ చేసుకునే ఉద్దేశం?"

"లేదు."

"ఉత్తమం" అన్నాడు. ఆవిడ పోయాక ఆ మాట నాతో అన్నది ఆయన ఒక్కడే. నా చెయ్యి గాజు కింద పెట్టించలేదు. అవసరం లేదన్నాడు. ఏం కనిపిస్తుందో ఆయనకు తెలుసు.

ఇప్పుడు నా స్టోరులో నేనే ఒక వస్తువును. సాయంత్రం నాకు నేనే తిరిగి వచ్చే పాసు రాసుకుని పోతున్నాను, పొద్దున నన్ను నేనే ముట్టినట్టు సంతకం పెడుతున్నాను. ఫోన్‌లో మాట్లాడేవాళ్లు లేరు కాబట్టి బిళ్లలు త్వరగా చల్లారినట్టు అనిపిస్తున్నాయి. డైరెక్టరు ఇది కూడా ఒక మెరుగుదలేనని రాసుకున్నాడు.

ఆషాఢంలో ఉరుకుందమ్మ పుట్టింటికి వచ్చింది. మధ్యాహ్నం గేటు దగ్గరికి వచ్చి నన్ను చూడాలంది. పనికిరానిదని పంపేసిన వస్తువు మళ్లీ లోపలికి రాకూడదు, వాచ్‌మన్ ఆపేశాడు. పనివేళల్లో నేను బయటికి పోకూడదు. గేటు కమ్మీలకు అటూ ఇటూ నిలబడ్డాం. పిల్ల కాస్త ఒళ్లు చేసింది. కుళ్లాయప్ప పండుకొని కూడా పాయింట్లు మారుస్తుంటాడని, నిద్రలో తన చెయ్యి పట్టి లాగుతాడని చెప్పింది. ఈరమ్మ ఇంటికొచ్చిన వాళ్లందరికీ ఆ పాసు చూపిస్తోందట.

"నువ్వు అదుముతాండావంట గదా చిన్నాయనా. నీకు చారలు ఎట్లొస్తాండాయి?"

"నీకు వచ్చినట్టే."

ఆమె నవ్వింది. సంచిలోంచి ఓళిగల పొట్లం తీసింది. శనగపప్పు, బెల్లం పూర్ణం పెట్టి నేతిలో కాల్చినవి. తానే చేశానంది. పొట్లం కమ్మీల సందులో పట్టలేదు. ఒక్కొక్కటే మడిచి ఇచ్చింది. ఒక్కటీ గుండ్రంగా లేదు. ఒక పక్క మందం, ఒక పక్క పలుచన. గేటు దగ్గరే నిలబడి అన్నీ తిన్నాను.

లోపల దిమ్మె వేడెక్కిందని ఎవరో పిలిచారు. చేతులు కడుక్కోకుండానే వెళ్లి, ఆ నేతి చేతులతోనే అదిమాను. చారలు తిన్నగా వచ్చాయి.